ఎన్నారైలూ బీ అలర్ట్.. సొంతూరికే కదా అని టీకాల్లేకుండా బయల్దేరుతున్నారా? టికెట్‌తో పాటు ఇవీ చూసుకోండి!

సంక్రాంతికో, పిల్లల వేసవి సెలవులకో, చెల్లెలి పెళ్లికో ఇండియా ప్రయాణం ఫిక్స్ అయిందంటే ఎన్నారై ఇళ్లల్లో హడావుడి మామూలుగా ఉండదు. ఎవరికి ఏ ఫోన్, ఎవరికి ఏ చాక్లెట్లు, సూట్‌కేస్ 23 కిలోలు దాటకుండా ఎలా సర్దాలి.. లిస్టు మీద లిస్టు. ఆ లిస్టుల్లో చాలాసార్లు కనిపించనిది ఒక్కటే.. డాక్టర్ అపాయింట్‌మెంట్. ఎందుకు వెళ్లలేదని అడిగితే వచ్చే సమాధానం కూడా ఒక్కటే. "మేం పుట్టి పెరిగిన ఊరే కదా, మాకేమవుతుంది?"

అసలు సమస్య అక్కడే ఉంది. తాజ్‌మహల్ చూడ్డానికి వచ్చే విదేశీ టూరిస్టు కంటే, అమ్మానాన్నలను చూడ్డానికి వచ్చే మనవాళ్లకే కొన్ని జబ్బుల ముప్పు ఎక్కువని ట్రావెల్ డాక్టర్లు చెబుతారు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ ప్రయాణికుల కోసం వేసే 'ఎల్లో బుక్'లో సొంత దేశంలోని బంధుమిత్రుల దగ్గరికి వెళ్లేవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. కారణం సింపుల్. టూరిస్టు వారం రోజులు హోటల్లో ఉండి, సీసా నీళ్లు తాగి వెళ్లిపోతాడు. మనవాళ్లు నెల, నెలన్నర ఉంటారు. ఊళ్లో పెద్దనాన్న ఇంట్లో పడుకుంటారు. పెళ్లి భోజనాల్లో కూర్చుంటారు. ఎవరింటికెళ్లినా ఇచ్చిన నీళ్లు వద్దనలేరు.

మా ఇంట్లోనూ ఇదే సీన్. డల్లాస్ నుంచి వచ్చిన అక్క తన మూడేళ్ల బాబుకు బాటిల్ నీళ్లే పడుతుంటే మా అమ్మమ్మ చిన్నబుచ్చుకుంది. "నువ్వు ఈ బోరు నీళ్లే తాగి పెరిగావ్ కదే" అంది. అక్క ఏం మాట్లాడలేకపోయింది. అమ్మమ్మ చెప్పింది నిజమే.. అక్క తాగింది. కానీ బాబు తాగలేదు కదా! వాడు పుట్టింది అక్కడ, పెరిగింది అక్కడ. మన ఊరి క్రిములు వాడి ఒంటికి పూర్తిగా కొత్త. అక్కకైనా చిన్నప్పటి అలవాటు గ్యారంటీ కార్డేమీ కాదు. టైఫాయిడ్ ఒకసారి వచ్చి తగ్గినా మళ్లీ రావచ్చు. ఏజెన్సీ ప్రాంతాల్లో పెరిగినవాళ్లకు మలేరియాను కొంత తట్టుకునే శక్తి ఉన్నా, ఊరు వదిలేసి ఏళ్లు గడిస్తే అదీ తగ్గిపోతుంది.

టైఫాయిడ్.. దీన్ని మాత్రం లైట్ తీసుకోవద్దు

అమెరికాలో టైఫాయిడ్ బయటపడేవాళ్లలో ఎక్కువ మంది విదేశాలకు వెళ్లొచ్చినవాళ్లే. అందులోనూ ఇండియా, పాకిస్థాన్, బంగ్లాదేశ్ వెళ్లొచ్చినవాళ్లే ముందుంటారు. అంటే ఇది ఎవరి గురించో కాదు, మన గురించే.

టీకా ఉంది. అమెరికాలో ఇచ్చే ఇంజెక్షన్ రెండేళ్లు నిండిన పిల్లల నుంచి ఎవరైనా వేయించుకోవచ్చు. ప్రయాణానికి కనీసం 2 వారాల ముందు పడాలి. రెండేళ్లకోసారి మళ్లీ వేయించుకోవాలి. అంటే 2022లో వచ్చినప్పుడు వేయించుకున్న టీకా ఇప్పుడు లెక్కలోకి రాదన్నమాట. ఇంకో విషయం కూడా తెలియాలి. ఈ టీకా రక్షణ 50 నుంచి 80 శాతం వరకే. కాబట్టి టీకా వేసుకున్నాం కదా అని రోడ్డు పక్క పానీపూరీ మీద పడితే కష్టమే.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పుకోవాలి. ఆరు నెలల పిల్లలకు కూడా వేయగలిగే టైఫాయిడ్ కాంజుగేట్ టీకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు ఆమోదం పొందిన మొదటిది మన హైదరాబాద్‌దే. భారత్ బయోటెక్ తయారుచేసిన 'టైప్‌బార్ టీసీవీ'కి 2017 డిసెంబర్‌లో ఆ గుర్తింపు దక్కింది. కానీ అమెరికాలో దానికి లైసెన్స్ లేదు. అందుకే ఏడాది బాబుతో వచ్చే తల్లిదండ్రులకు అక్కడి డాక్టర్ దగ్గర టైఫాయిడ్ టీకా దొరకదు. ఇక్కడికి వచ్చాక పిల్లల డాక్టర్‌ను అడిగి వేయించే వీలుంది. అయితే టీకా పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది, ఈలోపు నీళ్లు, తిండి విషయంలో జాగ్రత్త తప్పదు.

ఒకవేళ జ్వరం వచ్చిందే అనుకుందాం. ఊళ్లో జరిగేది తెలిసిందే. ఆర్ఎంపీ వస్తాడు, సెలైన్ పెడతాడు, ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పొడుస్తాడు. లేదంటే ల్యాబ్‌లో 'వైడల్ పాజిటివ్' అని కాగితం ఇస్తారు. వైడల్ పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకోలేం. పాత ఇన్ఫెక్షన్ ఉన్నా, టీకా వేసుకున్నా, వేరే జ్వరం వచ్చినా అది పాజిటివ్ చూపించవచ్చు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ చేయించడం కరెక్ట్ పద్ధతి. మన దగ్గర తిరుగుతున్న టైఫాయిడ్ క్రిమి చాలావరకు సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగడం లేదు. మెడికల్ షాపులో అడిగి రెండు మాత్రలు తెచ్చుకుని మింగితే జ్వరం తగ్గదు సరికదా, తర్వాత చేసే పరీక్షలో క్రిమి కూడా దొరక్కుండా పోతుంది.

పిల్లల టీకా కార్డు ఒకసారి తీయండి

అమెరికాలో పుట్టిన పిల్లలకు మీజిల్స్ టీకా (మన భాషలో తట్టు) మొదటి డోసు 12 నుంచి 15 నెలల మధ్య వేస్తారు. ఇండియాలో మాత్రం 9 నెలలు నిండగానే వేస్తారు. ఎందుకంటే ఇక్కడ ముప్పు ముందే మొదలవుతుంది కాబట్టి. ఈ తేడా వల్లే చిక్కు వస్తోంది. నానమ్మకు మనవణ్ని చూపిద్దామని 8 నెలల బాబుతో ఫ్లైట్ ఎక్కుతారు, వాడికి ఒక్క డోసు కూడా పడి ఉండదు.

విదేశీ ప్రయాణం ఉంటే 6 నుంచి 11 నెలల పిల్లలకు ఒక డోసు ముందుగానే ఇవ్వాలన్నది సీడీసీ సూచన. ఇది అదనపు డోసు కిందే లెక్క. ఏడాది దాటాక మామూలుగా వేసే రెండు డోసులు మళ్లీ వేయాల్సిందే. ఏడాది దాటిన పిల్లలకు, టీకా పడిందో లేదో తెలియని పెద్దలకు 28 రోజుల తేడాతో రెండు డోసులు. ఇందుకే ప్రయాణానికి కనీసం 4 నుంచి 6 వారాల ముందు డాక్టర్‌ను కలవమని చెప్పేది. ఇండియాలోనే భయం అనుకోకండి. అమెరికాలోనే 2025లో మీజిల్స్ కేసులు గత మూడు దశాబ్దాల్లో ఎన్నడూ లేనంతగా వచ్చాయి. ఎయిర్‌పోర్టు క్యూలో ఎవరు ఎక్కడి నుంచి వస్తున్నారో ఎవరికి తెలుసు?

హెపటైటిస్-ఏ కూడా ఇలాంటిదే. కలుషిత నీళ్లు, ఆహారం ద్వారా వచ్చే పచ్చకామెర్లు ఇది. మన ముందు తరానికి చిన్నప్పుడే వచ్చిపోయి రక్షణ ఉండొచ్చు. ఫిల్టర్ నీళ్లు తాగుతూ సిటీలో పెరిగి, ఎంఎస్ కోసం వెళ్లిన ఇప్పటి కుర్రాళ్లకు ఆ రక్షణ ఉందని చెప్పలేం. డౌటుంటే రక్తపరీక్ష, లేదా నేరుగా టీకా. 6 నుంచి 11 నెలల పిల్లలకు ప్రయాణం ఉంటే దీన్ని కూడా ముందే ఒక డోసు వేస్తారు.

దోమ.. పగలు ఒకటి, రాత్రి ఒకటి

అమెరికాలో స్కూళ్లకు సెలవులు జూన్ నుంచి ఆగస్టు వరకు. మన దగ్గర వానలు మొదలై డెంగ్యూ ఊపందుకునేది కూడా సరిగ్గా అప్పుడే. డెంగ్యూ దోమ పగటిపూట కుడుతుంది. రాత్రి దోమతెర కట్టుకున్నాం కదా అంటే చాలదు. డీట్ 20 నుంచి 30 శాతం ఉన్న రిపెల్లెంట్ వెంట తెచ్చుకోండి. రెండు నెలల లోపు పసిపిల్లలకు రాయకూడదు, వాళ్లకు ఊయల మీద నెట్ వేయడమే దారి. ఇంటి వెనక కూలర్, మేడ మీద మూతలేని ట్యాంకు, పూలకుండీ కింద ప్లేటు.. వచ్చిన రోజే ఓసారి చుట్టూ చూసి నీళ్లు ఒంపేయండి. మామయ్య ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

చిన్నప్పుడు ఇండియాలో ఒకసారి డెంగ్యూ వచ్చినవాళ్లకు రెండోసారి వస్తే తీవ్రంగా మారే ఛాన్స్ ఎక్కువ. వాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి.

జ్వరం వస్తే ఏ మాత్ర వేసుకోవాలి? అమెరికా నుంచి తెచ్చుకున్న టైలెనాల్, మన ఇంట్లో ఉండే డోలో.. రెండూ ఒకటే మందు, పారాసిటమాల్. అక్కడ దాన్నే ఎసిటమినోఫెన్ అంటారు, అంతే తేడా. తెలియక అదొకటి ఇదొకటి వేసుకుంటే డోసు డబుల్ అయి లివర్ మీద పడుతుంది. ఇక అడ్విల్ అంటే ఐబుప్రోఫెన్. డెంగ్యూ కాదని తేలేదాకా అది గానీ, ఆస్పిరిన్ గానీ ముట్టుకోవద్దు. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. గుండె జబ్బు కోసం రోజూ ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు మాత్రం సొంతంగా ఆపకుండా డాక్టర్‌ను అడగాలి.

మలేరియా దోమ సాయంత్రం నుంచి తెల్లారేదాకా పనిచేస్తుంది. దోమకూ మలేరియాకూ ఉన్న లింకు కనిపెట్టింది మన దగ్గరే. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ గుర్తించింది 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్‌లో. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల మలేరియా బాగా తగ్గింది. కానీ అరకు ట్రిప్, పాడేరు, రంపచోడవరం ఏజెన్సీ, మేడారం జాతర, భద్రాచలం వైపు అడవుల్లో బస.. ఇవేవైనా ప్లాన్‌లో ఉంటే డాక్టర్‌కు ఊరి పేరుతో సహా చెప్పండి. "ఇండియా వెళ్తున్నా" అంటే చాలదు. నివారణ మాత్రలు అవసరమా కాదా అన్నది ఆ ఊరిని బట్టే ఉంటుంది. ఎక్కువగా రాసే అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే వెళ్లే ముందు 1-2 రోజులు, అక్కడున్నన్ని రోజులు, ఆ ప్రాంతం వదిలాక మరో 7 రోజులు వేసుకోవాలి. చాలామంది తప్పు చేసేది ఈ చివరి 7 రోజుల దగ్గరే. సొంతింటికి వచ్చేశాం కదా అని ఆపేస్తారు.

కుక్క కరిస్తే 15 నిమిషాలు.. తర్వాత పరుగు

అమెరికాలో పెరిగిన పిల్లలకు కుక్క కనిపిస్తే దగ్గరికెళ్లి నిమరడం అలవాటు. మన వీధికుక్కల సంగతి వాళ్లకు తెలియదు. ఫ్లైట్ దిగకముందే చెప్పండి. కోతులున్న గుళ్ల దగ్గరా ఇదే మాట.

కరిచినా, గీరినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, కాఫీపొడి, ఆకు పసరు.. ఇవేవీ పెట్టకూడదు. ఆ వెంటనే ఆసుపత్రికి. ప్రభుత్వాసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితమే. గాయం లోతుగా ఉంటే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఎక్కించాలి. ఇది చిన్న ఆసుపత్రుల్లో అన్నిచోట్లా ఉండదు కాబట్టి పెద్దాసుపత్రికి వెళ్లడం మేలు. హైదరాబాద్‌లో అయితే నల్లకుంట ఫీవర్ హాస్పిటల్, నారాయణగూడ ఐపీఎం ఇందుకు పేరున్నవి. టీకా షెడ్యూల్ నాలుగు వారాల దాకా సాగుతుంది. మధ్యలో రిటర్న్ ఫ్లైట్ ఉంటే కార్డు జాగ్రత్తగా తీసుకెళ్లి మిగతా డోసులు అక్కడ పూర్తిచేయాలి. "అమెరికా వెళ్లాక చూపించుకుందాంలే" అని మాత్రం వాయిదా వేయకండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక కాపాడటం దాదాపు అసాధ్యం. పైగా అదే ఇమ్యునోగ్లోబ్యులిన్‌కు అక్కడ వేల డాలర్ల బిల్లు.

పిల్లలతో ఊళ్లో ఎక్కువ రోజులు ఉండేవాళ్లు బయల్దేరే ముందే రెండు డోసుల రేబిస్ టీకా గురించి అడగొచ్చు. మొదటి రోజు ఒకటి, 7వ రోజు ఒకటి. ఇది వేసుకున్నా కుక్క కరిస్తే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కాకపోతే ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరం సాధారణంగా ఉండదు.

ఇంటి భోజనమే.. కానీ నీళ్లు?

వేడివేడిగా వడ్డించిన అన్నం, పప్పు, పులుసుతో భయం లేదు. కడుపు పాడుచేసేవి పక్కనుండేవి. నీళ్లు కలిపి పల్చగా చేసిన మజ్జిగ, టిఫిన్ సెంటర్‌లో పొద్దుటి నుంచి బయటున్న కొబ్బరి చట్నీ, ముందే కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు, చెరకురసంలో ఐస్. వీటి విషయంలో వద్దు అనడం నేర్చుకోవాలి. వాటర్ క్యాన్ మీద నమ్మకం లేకపోతే మరిగించి చల్లార్చిన నీళ్లు తాగండి.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్. ఇక్కడో కిటుకు ఉంది. టెట్రాప్యాక్‌లో తియ్యటి డ్రింకులు ఓఆర్ఎస్ పేరుతో ఏళ్ల తరబడి మన షాపుల్లో అమ్మారు. వాటిలో చక్కెర ఎక్కువ, పిల్లలకు విరేచనాలు ఇంకా పెరిగే ప్రమాదం. దీనిపై హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల పాటు పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ డ్రింకుల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడొద్దని ఆదేశించింది. కాబట్టి షాపులో ప్యాకెట్ మీద 'డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా' అని ఉందో లేదో చూసి పొడి ప్యాకెట్టే తీసుకోండి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసుకు కొంచెం కొంచెం అని అంచనాగా కలిపితే ఉపయోగం లేదు.

మలంలో రక్తం పడినా, జ్వరం ఉన్నా మోషన్స్ ఆపే మాత్ర వేసుకోకూడదు. డాక్టర్‌కు చూపించాలి.

షుగర్ ఉన్నవాళ్లు ఈ ఒక్కటి తప్పక చదవండి

అమెరికాలో మామూలుగా వాడే ఇన్సులిన్ యూ-100. అంటే ఒక మిల్లీలీటర్‌లో 100 యూనిట్లు. ఇండియాలో సీసాల్లో దొరికే ఇన్సులిన్‌లో యూ-40 కూడా బాగా చలామణిలో ఉంది. దాని సిరంజి వేరు, గీతల లెక్క వేరు. యూ-40 సిరంజికి ఎర్ర మూత, యూ-100కు నారింజ రంగు మూత ఉంటుంది. వెంట తెచ్చుకున్న యూ-100 ఇన్సులిన్‌ను ఇక్కడ కొన్న యూ-40 సిరంజితో తీసుకుంటే ఒంట్లోకి రెండున్నర రెట్లు వెళ్తుంది. షుగర్ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. అందుకే ఇన్సులిన్, సిరంజిలు, పెన్ సూదులు ఉండే రోజులకు మించి తెచ్చుకోండి. అన్నీ చేతిసంచిలోనే పెట్టుకోండి. లగేజీలో వేస్తే ఇన్సులిన్ గడ్డకట్టి పాడవ్వచ్చు, బ్యాగే రాకపోవచ్చు కూడా. టైమ్ తేడా తొమ్మిదిన్నర గంటలు, ఆ పైనే ఉంటుంది కాబట్టి ఫ్లైట్‌లో ఏ డోసు ఎప్పుడో డాక్టర్‌తో కాగితం మీద రాయించుకోండి.

బీపీ, థైరాయిడ్ మాత్రలకు బ్రాండ్ పేరు కాకుండా అసలు మందు పేరు రాసిపెట్టుకుంటే ఇక్కడ ఏ షాపులోనైనా దొరుకుతుంది. యూకే నుంచి వచ్చేవాళ్లు నాన్నగారి గ్లూకోమీటర్ చూసి కంగారుపడొద్దు. అక్కడి లెక్కను 18తో గుణిస్తే ఇక్కడి లెక్క వస్తుంది. అక్కడ 7 అంటే ఇక్కడ 126.

ఇన్సూరెన్స్ సంగతి కూడా అడిగి పెట్టుకోండి. అమెరికా మెడికేర్ మామూలుగా ఆ దేశం బయట చేసుకున్న వైద్యానికి డబ్బివ్వదు. ప్రైవేటు ప్లాన్లు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి.

గర్భిణులు, ఆఫ్రికా నుంచి వచ్చేవాళ్లు, గల్ఫ్ అన్నలు

సీమంతానికి వచ్చే గర్భిణులకు మీజిల్స్ లాంటి లైవ్ టీకాలు ఇవ్వరు. కలుషిత నీళ్లతో వచ్చే హెపటైటిస్-ఈ నెలలు నిండేకొద్దీ తల్లికి ప్రాణాంతకం కావచ్చు, అందుకే నీళ్ల విషయంలో రాజీ వద్దు. 28 వారాలు దాటితే చాలా ఎయిర్‌లైన్స్ డాక్టర్ లెటర్ అడుగుతాయి.

నైజీరియా, కెన్యా, ఉగాండా లాంటి దేశాల నుంచి వచ్చే తెలుగువాళ్లకు ఎల్లో ఫీవర్ టీకా కార్డు ఉండాల్సిందే. పాస్‌పోర్టు ఏ దేశందైనా సరే, కార్డు లేకపోతే ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి కాకుండా 6 రోజుల వరకు క్వారంటైన్‌కు పంపొచ్చు. టీకా వేసిన 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఒకసారి వేసుకుంటే జీవితాంతం పనికొస్తుంది.

దుబాయ్, అబుధాబి నుంచి జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వచ్చే అన్నలకు అసలు జాగ్రత్త తిరుగు ప్రయాణంలో. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి, దగ్గు మందులు యూఏఈలో కంట్రోల్డ్ లిస్టులో ఉన్నాయి. ముందస్తు అనుమతి లేకుండా, ఫ్రెండ్ ఇచ్చిన పార్సిల్ అని తీసుకెళ్తే కేసు మీ మీదే. రెండేళ్లకోసారి వచ్చినప్పుడు బీపీ, షుగర్ పరీక్ష కూడా ఒకటి చేయించుకుంటే మంచిది.

రేపే ఫ్లైట్.. ఇప్పుడెలా?

ఆరు వారాల ముందు అని చెప్పడం ఈజీ. కానీ "నాన్నకు బాలేదు, వెంటనే రా" అని ఫోన్ వస్తే ఎవరు ఆగుతారు? ఎన్నారైల ప్రయాణాల్లో ఇలాంటివి చాలానే ఉంటాయి. అప్పుడు కూడా చేతులెత్తేయక్కర్లేదు. హెపటైటిస్-ఏ టీకా బయల్దేరే రోజు వేసుకున్నా ఉపయోగమే. మీజిల్స్ ఒక్క డోసు పడినా ఏమీ లేనిదాని కంటే నయం. మలేరియా మాత్రలు అవసరమైతే ముందురోజు మొదలుపెట్టొచ్చు. ఫోన్‌లోనే డాక్టర్‌తో పది నిమిషాలు మాట్లాడి, దారిలో ఫార్మసీ దగ్గర ఆగినా పని అవుతుంది. మీ మందులు, రిపెల్లెంట్, ఓఆర్ఎస్, థర్మామీటర్ చేతిసంచిలో వేసుకోండి. ఆసుపత్రిలో నాన్న దగ్గర రాత్రిళ్లు కూర్చునేవాళ్లు మాస్కు మర్చిపోవద్దు. ఇక్కడ అత్యవసరమైతే రెండు రాష్ట్రాల్లోనూ 108కు ఫోన్ చేయాలి.

తిరిగి వెళ్లాక జ్వరం వస్తే

టైఫాయిడ్ లక్షణాలు బయటపడటానికి వారం నుంచి నెల పట్టొచ్చు. మలేరియా అయితే కొన్ని వారాలు, ఒక్కోసారి నెలల తర్వాత కూడా తిరగబెడుతుంది. అప్పటికి సూట్‌కేసులు అటకెక్కి, పిల్లలు స్కూలుకు వెళ్తుంటారు. ఇండియా ట్రిప్ సంగతి ఎవరికీ గుర్తుండదు. అక్కడి డాక్టర్ ఫ్లూ అనుకుని పంపించేయొచ్చు కూడా.

అందుకే ఏడాది లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా డాక్టర్‌తో మొదటి మాటగా ఇదే చెప్పండి.. "నేను ఇండియా వెళ్లొచ్చాను, ఫలానా తేదీల్లో, ఫలానా ఊళ్లో ఉన్నాను." మలేరియా రక్తపరీక్ష అదే రోజు చేయమని అడగండి, వారాంతం అని సోమవారం దాకా ఆగకండి. ఇక నెలల తరబడి ఉండి వచ్చినవాళ్లు, ఇంట్లో టీబీ ఉన్న మనిషితో గడిపినవాళ్లు తిరిగొచ్చిన 8 నుంచి 10 వారాలకు టీబీ రక్తపరీక్ష చేయించుకోవాలి. చిన్నప్పుడు మనకు వేసిన బీసీజీ టీకా వల్ల చేతి మీద చేసే చర్మపరీక్ష తప్పుగా పాజిటివ్ రావచ్చు, కాబట్టి రక్తపరీక్షే కావాలని అడగండి.